వేటతుపాకి కొయ్య: కళింగాంధ్రమున దారువు, కృత్రిమద్రవ్యము

ఉత్తరాంధ్రమున ఆయుధముల చరిత్రను ముచ్చటించువారు కత్తిని గూర్చియు, ఫిరంగిని గూర్చియు, తుపాకి గొట్టమును గూర్చియు ముచ్చటింతురు. గొట్టమును పట్టి యుంచి వేటగాని భుజమున కానుకొనియుండు కొయ్యను గూర్చి ముచ్చటించుట అరుదు. ఇనుము శాస్త్రమునకు చెందినదనియు, కొయ్య అలంకారమునకు చెందినదనియు నొక భావము మనలో నాటుకొనియున్నది. ఈ భావము సరికాదని మా అభిప్రాయము. తుపాకి గుఱి నిలుచుటయు తప్పుటయు చాలవఱకు కొయ్యపై నాధారపడియుండును. అంతకు మించి, ఆ తుపాకి ఏ చేతులలో, ఏ స్థితిలో, ఎంతకాలము వాడబడెనో తెలుపు గుర్తులు ఇనుముకంటె కొయ్యమీదనే హెచ్చుగ నిలిచియుండును.

ముందుగ మాటలను గూర్చి ఒక మాట. భుజమున కానించు వెడల్పు చివరకు తెలుగున మడమ యని పేరు. తుపాకి మడమతో మోదిరని పత్రికలలో నేటికిని చదువుచున్నాము. అయితే మడమ మొత్తములో నొక భాగము మాత్రమే. గొట్టము క్రిందుగ ముందునకు సాగు భాగమును, మీట చుట్టునుండు నడుమును, వెనుకనుండు మడమయు కలిసి ఒకే దారుఖండమై యుండుట చిరకాలపు పరిపాటి. హిందీ, ఉర్దూలలో దీనిని కుందా యందురు. మేమీ వ్యాసమున మొత్తమును తుపాకి కొయ్య యని వ్యవహరింతుము. ప్లాస్టిక్కుతోను గాజునారతోను చేసినదానిని సైతము కొయ్య యనుట కొంత విడ్డూరమే. కావున దానిని కృత్రిమపు కొయ్య యందుము.

దారువు మేలా, కృత్రిమద్రవ్యము మేలా యను వాదము పాశ్చాత్యదేశముల వేటగాండ్రలో 1960 ప్రాంతమునుండి నడచుచున్నది. ఒకరు అందమును, పట్టులోని వెచ్చదనమును, తాతలనాటి మర్యాదను పేర్కొందురు. మఱియొకరు వానకు ఉబ్బనిది, గీతపడినను చింత లేనిది, తేలికయైనది కావలె నందురు. శ్రీకాకుళ విజయనగర సీమలలో నీ వాదము నడువలేదు. నడువకపోవుటకు కారణము మనవారికి దారువుపై మమకారము హెచ్చుగ నుండుట కాదు. ఆ కారణమును, దానివలన పరిశోధకులకు సంక్రమించిన బాధ్యతను వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ సీమలో తుపాకి ప్రసక్తి వచ్చినంతనే బొబ్బిలి తలపునకు వచ్చుట సహజము. 1757 జనవరి 24వ తేదీని బొబ్బిలికోట పడినది. బుస్సీ నాయకత్వమున ఫ్రెంచివారును, వారికి తోడుగ విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజును కోటను ముట్టడించిరి. రంగరావు తన వారితో మడిసెను. కొలది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారమున జొచ్చి పగ తీర్చుకొనెను. ఈ కథ అందఱెఱిగినదే. దానిని పాడువారు వీరుల కత్తులను, పౌరుషమును వర్ణింతురు. మేమిచ్చట చూడదలచినది రెండు పక్షముల చేతులలోని తుపాకుల నిర్మాణమును.

దేశీయమైన ఒత్తితుపాకిలో, అనగా నిప్పంటించిన త్రాటితో మందును ముట్టించు తుపాకిలో, కొయ్య సన్నముగను తిన్నగను ఉండుట పెక్కుచోట్ల కానవచ్చును. ఐరోపా తుపాకి మడమవలె అది భుజమున నిండుగ కూర్చుండునది కాదు. గొట్టమును కొయ్యకు లోహపు పట్టెలతో గాని, పచ్చితోలు పేటులతో గాని చుట్టి బిగింతురు. తోలు ఆరినకొలది బిగియును. దీనిని మోటుపనియని తలంచువారు కలరు. మాకట్లు తోచదు. వర్షాకాలమున కొయ్య ఉబ్బినపుడు తోలుకట్టు కొంత సాగి దానికి చోటిచ్చును. వేసవిలో కొయ్య కుదించుకొనిపోయినపుడు కట్టును విప్పి మఱల చుట్టవచ్చును. మఱలతో, చీలలతో కదలకుండ బిగించిన తుపాకిలో నీ వెసులుబాటు లేదు. కొయ్య కదలునను సత్యమును ఒప్పుకొని చేసిన పనియే ఇది.

ఫ్రెంచి సైన్యపు తుపాకులలో 1728 మొదలు గొట్టమును కొయ్యకు మూడు లోహపు పట్టెలతో బిగించు పద్ధతి యేర్పడెను. బుస్సీ సైనికుల చేతులలో నీ జాతి చెకుముకి తుపాకులే యుండియుండును. అదే కాలమున ఆంగ్లేయులు గొట్టము అడుగున చిన్న చెవులను అతికి, కొయ్యగుండ అడ్డముగ సన్నని చీలలను దూర్చి బిగించుచుండిరి. చూపునకు ఆంగ్లేయుల పని నున్నగను, ఫ్రెంచివారి పని పట్టెలు పట్టెలుగను ఉండును. కాని విప్పుటకు, శుభ్రపఱచుటకు, కొయ్య మార్చుటకు ఫ్రెంచిపద్ధతియే అనుకూలము. కొయ్యను కట్టివేయుట యను విషయమున బొబ్బిలివారి ఒత్తితుపాకియు ముట్టడించినవారి చెకుముకి తుపాకియు ఒండొంటికి మిక్కిలి దూరపువి కావు.

1794 జూలై 10వ తేదీని పద్మనాభమువద్ద రెండవ విజయరామరాజు ఆంగ్లేయ కంపెనీ సేనల నెదిరించి నిహతుడయ్యెను. ఆనాటికి కంపెనీ తన సైన్యములకొఱకు ప్రత్యేకించి చేయించుకొనిన తుపాకి, ఇండియా నమూనా యని పేరొందినది, వాడుకలో నుండెను. చౌకగను, త్వరితముగను చేయదగినదగుటచే 1797లో బ్రిటిష్ సైన్యమే దానిని స్వీకరించెను. దాని కొయ్య అక్రోటు దారువు. మన తీరమున పెరుగని యొక చెట్టు కంపెనీ యోడలలో తుపాకి రూపమున దిగి, మన పోరాటములలో పాల్గొన్నది. తరువాతి నూట యేబది యేండ్లలో తుపాకి కొయ్యయనిన అక్రోటే యను భావము సైనికులలోను, జమీందారులలోను స్థిరపడెను.

కొండలలో నిట్లు కాలేదు. 19వ శతాబ్ది చివర మద్రాసు పోలీసుశాఖలో పనిచేసిన ఫాసెట్టు సవరలను గూర్చి వ్రాసిన వ్యాసమున నొక విశేషము కలదు. దానినే 1909లో థర్‌స్టన్ తన గ్రంథమున చేర్చుకొనెను. ఇంటిలో నెవరైనను మరణించినంతనే గుమ్మమువద్ద గుండు లేకుండ మందు మాత్రము దట్టించి తుపాకి కాల్తురట. మృతుని కుల్బ, అనగా ప్రేతాత్మ, ఆ ధ్వనికి బెదరి తొలగిపోవునని వారి నమ్మకము. మందు సమృద్ధిగ నున్నచో పలుమారులు కాల్తురు. ఆ తుపాకి సాధారణమైన తెలుగు లేక ఒడియా ఒత్తితుపాకియే యని ఫాసెట్టు తెలిపెను.

ఈ కొలది మాటలలో చరిత్రకారునకు కావలసినది చాల కలదు. మొదటిది, తుపాకి సవరలకు కేవలము వేటసాధనము కాదు. మరణకర్మలో నొక అంగము. రెండవది, అది మైదానపు సామగ్రి, కొండలపైకి చేరినది. తెలుగు కమ్మరియో ఒడియా కమ్మరియో చేసిన గొట్టము ఘాటు లెక్కిన తరువాత దానికి వలసిన మరమ్మతులన్నియు అచ్చటనే జరుగవలెను. ఇనుపగొట్టము ఒక తరము దాటి మఱియొక తరమునకు వచ్చును. కొయ్య అట్లు రాదు. చెదలు పట్టును, చీలును, వంటయింటి పొగలో ఎండి బీటలు వారును. కావున ఒక తుపాకికి జీవితకాలమున రెండు మూడు కొయ్యలు మాఱుట సంభవము. గొట్టము బయటిది, కొయ్య స్థానికము. తెలుగు తుపాకి సవర తుపాకి యగుట కొయ్య మాఱిన నాటనే యని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

1955లో వెరియర్ ఎల్విన్ సవరల మతమును గూర్చి ప్రకటించిన గ్రంథమున, గంజాము, కోరాపుట్టు కొండలలో వారు ఇంటిగోడలపై దేవతలకొఱకును పితరులకొఱకును వ్రాయు బొమ్మలు పెక్కు కలవు. బియ్యపుపిండితో వ్రాసిన యా బొమ్మలలో గుఱ్ఱములు, ఏనుగులు, చెట్లతోపాటు తుపాకులు పట్టిన మనుష్యులును కనబడుదురు. గోడమీది తుపాకి ఒక గీత మాత్రమే. గొట్టమేదో కొయ్యయేదో విడివడదు. వ్రాసినవానికి ఆ విభాగముతో పని లేదు. మనకు కలదు.

కొండదిగువన జమీందారుల వేట మఱియొక తీరున నడచెను. విజయనగరము, బొబ్బిలి, కురుపాము, సాలూరు, మందసా, పర్లాకిమిడి మున్నగు సంస్థానములకు అడవులు సమీపమే. వారి చేతులకు ఇంగ్లండు తుపాకులు చేరినవి. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో ప్రకటించిన .375 తూటా, రిగ్బీ కంపెనీ 1911లో ప్రకటించిన .416 తూటా భారతదేశపు పెద్దవేటలో పేరొందినవి. వీని కొయ్యలు గీతలు గీతలుగ నలుపు తిరిగిన మేలురకపు అక్రోటు. కొనువాని చేతిపొడవునకును, మెడవంపునకును సరిపడునట్లు మడమను కొలిచి చెక్కుట అక్కడి పనివారి ప్రతిష్ఠ. దర్జీ కోటు కుట్టినట్లే యనుకొనవచ్చును. ఆ కారణముచేత ఒకని తుపాకి మఱియొకని భుజమున సరిగ కూర్చుండదు. విజయనగర మహారాజకుమారుడు సర్ విజయ ఆనంద గజపతిరాజు, క్రికెటు లోకమున విజ్జీ యని పిలువబడినవాడు, 1936లో భారతజట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్లినవాడు, మూడువందలకు పైచిలుకు పులులను కాల్చెనని ప్రతీతి. ఆయన 1965లో కీర్తిశేషుడయ్యెను. ఆ సంఖ్యను తలంచినపుడు నేటివారికి కలుగు భావము గర్వము కాదు. ఆ కాలపు మర్యాద వేఱు. దానిని దాచుటయు తగదు, మెచ్చుకొనుటయు తగదు.

సామాన్య వేటగానికి ఇంగ్లండు తుపాకి అందునది కాదు. అతనికి అందినది ఇచ్ఛాపురపు తుపాకి. ఇది మన శ్రీకాకుళపు టెల్లయందలి ఇచ్ఛాపురము కాదు. కలకత్తా సమీపమున 1904లో రైఫిలు కర్మాగారము నెలకొల్పబడిన ఈశాపూరు. పేర్ల పోలికవలన పొరపడుటకు వీలు కలదు కనుక ఇకపై ఈశాపూరు అనియే వ్రాయుదుము. సైన్యమువాడు .303 తూటాను పౌరులు వాడరాదని నిషేధించుటచేత, అదే లీ-ఎన్‌ఫీల్డు యంత్రముతో .315 తూటాకు తగిన వేటరైఫిలు చేయబడినది. స్వాతంత్ర్యానంతరము లైసెన్సు గల రైతులకును, ఉద్యోగులకును ఎన్నదగిన స్వదేశీ రైఫిలు ఇదియే యనవచ్చును. దాని కొయ్య దారువు.

ఈశాపూరు పనివారికి మన వాతావరణముతో నెంత చిక్కు కలిగెనో తెలుపు సాక్ష్యము వారు చేసిన సైనిక రైఫిళ్లమీదనే కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలము మొదలుకొని వారి రైఫిళ్ల ముందుకొయ్యలో అడ్డముగ నొక మఱ కనబడును. కొయ్య నిలువున చీలకుండ పట్టియుంచుటయే దాని పని. ప్రపంచమందలి ఆయుధసంగ్రాహకులు నేడు ఒక రైఫిలు భారతదేశమున సిద్ధమైనదని గుర్తించుటకు ఈ మఱనే చూతురు. దానికి ఈశాపూరు మఱ యనియే పేరు. యుద్ధపు వత్తిడిలో మేలిరకపు అక్రోటు చాలనపుడు దొరికిన దారువుతో పని గడపవలసివచ్చినవారి యుక్తి అది. అక్రోటు కాశ్మీరమునుండి రావలెను. అచ్చటి చెట్లను కొట్టుటను అరికట్టుచు 1969లో నొక చట్టము సైతము వచ్చెను.

అసలు దారువు ఎట్లు కదలును? దారుశాస్త్రమున తెలిసినవారికి ఇది కొత్త కాదు గాని, చరిత్రవిద్యార్థులకొఱకు కొంత వివరింతుము. కఱ్ఱ గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, విడిచి కుదించుకొనును. ఈ కదలిక అన్ని దిక్కులను సమానము కాదు. పచ్చికఱ్ఱను పూర్తిగ ఎండబెట్టినపుడు అమెరికా నల్ల అక్రోటు కేంద్రమునుండి బెరడువైపునకు ఇంచుమించు 5½ శాతమును, వలయముల వెంబడి దాదాపు 8 శాతమును తగ్గును. నిలువున తగ్గునది అత్యల్పము. టేకున కీ లెక్కలు ఇంచుమించు 2½, 6 శాతములు. దీనిని చూచి టేకే తుపాకికి మేలని తోచవచ్చును. కాని టేకు దెబ్బను ఓర్చుకొను శక్తి తక్కువ. తుపాకి ప్రేలినపుడు వెనుకకు తన్ను తాపు కొయ్యలోని చిన్న గూడుమీద పడును, అచ్చట పెళుసుకఱ్ఱ నిలువదు. శింశుప గట్టిదే, ఓర్పు గలదే, కాని అక్రోటుకంటె బరువు. కొండ లెక్కువాడు ఆ బరువును దినమెల్ల మోయవలెను. కదలిక, ఓర్పు, బరువు, చెక్కుటకు వీలు అను నాలుగింటిని తూచినపుడు అక్రోటు దేనిలోను ప్రథమశ్రేణి కాకున్నను అన్నింటను ఉత్తీర్ణమగుచున్నది. పరీక్షాధికారులకు ఈ విధమైన విద్యార్థి పరిచితుడే.

శ్రీకాకుళపు తీరమున గాలి ఏడాది పొడవునను తడిగనే యుండును. నైరృతి వానలు వెడలిన వెంటనే ఆశ్వయుజ కార్తికములలో తుపానులు వచ్చును. 2018 అక్టోబరు 11వ తేదీని పలాసప్రాంతమును తాకిన తిత్లీని మఱచినవారు లేరు. మాఘ ఫాల్గునములు పొడిగ నుండును. ఇట్టి దేశమున జూలైలో గుఱి సరిచూచుకొనిన రైఫిలు ఫిబ్రవరిలో అదే చోట కొట్టదు. కొయ్య ఒకవైపు ఉబ్బి గొట్టమును త్రోయును. ఆ త్రోపు వెండ్రుకవాసియే యైనను నూరు గజముల దూరమున గుండు ఎడమై పడును. సైన్యములో కొయ్యలకు అవిసెనూనె పట్టించుట ఇందులకే. నూనె తేమను ఆలస్యము చేయును గాని ఆపలేదు. మేలుకఱ్ఱను ఏండ్లతరబడి నీడలో ఆరబెట్టి, తరువాత మాత్రమే చెక్కవలెనను నియమమునకు మాఱు లేదు.

ఈ నియమము తుపాకి పనివారిది మాత్రమే కాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో వీణలు చేయు శిల్పులు పనసదుంగను ఎన్నుకొని, ఒకే దుంగలో కుండ, దండి, తల చెక్కి ఏకాండి వీణను తీర్తురు. అతుకు లేనిచోట అతుకు విడిపోదు. ఒకే ఖండమున మూడు పనులను సాధింపవలెనన్నపుడు దారువు నిలువుపేట ఎటు పారుచున్నదో చూచి దుంగను త్రిప్పుకొనవలెను. వంపువద్ద పేట అడ్డము తిరిగినచో అచ్చటనే విఱుగును. రైఫిలు కొయ్యకు నడుమువద్ద నున్న గండమును ఇదియే. వీణను, తుపాకిని ఒకే వాక్యమున చేర్చుట కొందఱికి కటువుగ తోచును. కాని కఱ్ఱకు రాగభేదము లేదు. బొబ్బిలి పేరున రెండును ప్రసిద్ధములైన సీమలో ఈ పోలికను పరిశోధకులు నిర్లక్ష్యము చేయుట మాకు వింతగ నున్నది.

కృత్రిమపు కొయ్య కథ దీనికి దూరముగ జరిగినది. దారువును విడువక దాని కదలికను అణచు ప్రయత్నము ముందు వచ్చెను: 1930 దశకమున జర్మనులు తమ మౌజరు రైఫిళ్లకు బీచికఱ్ఱను పలుచని పొరలుగ కోసి, జిగురుతో అతికి, ఒత్తి కొయ్యలు చేసిరి. పొరలు ఒకదానినొకటి అదుపులో నుంచును. తరువాత 1959లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ నైలాన్ 66 అను .22 రైఫిలును విడుదల చేసెను. ఆ కంపెనీ డ్యూపాంట్ రసాయన సంస్థ ఆధీనమున నుండెను. నైలాను వారి సొత్తే. కొయ్య, యంత్రపు తొడుగు కూడ నైలానుతో పోతపోసిరి. జనము నమ్మరని భయపడి ప్రదర్శనలు చేయించిరి. టామ్ ఫ్రై అను గుఱికాడు ఆ యేటనే గాలిలోనికెగురవేసిన 1,00,010 చిన్న దిమ్మెలను కాల్చి, కేవలము ఆఱింటిని మాత్రమే తప్పెను. ఆ దిమ్మెలు కఱ్ఱవి! ప్లాస్టిక్కు తుపాకి లక్షపైచిలుకు కఱ్ఱముక్కలపై తన విజయమును చాటుకొన్న ఈ దృశ్యముకంటె స్పష్టమైన చరిత్రచిహ్నమును ఏ నాటకకర్తయు కల్పింపజాలడు. ఆ రైఫిళ్లు పదిలక్షలకు పైగ అమ్ముడుపోయినవి.

మనకు మఱింత దగ్గఱి సాక్ష్యము వియత్నామునుండి వచ్చుచున్నది. అమెరికా నౌకాదళ పదాతులు 1966లో స్వీకరించిన ఎం40 అను గుఱికాండ్ర రైఫిలుకు దారువు కొయ్య యుండెను. ఆ తడియడవులలో కొయ్యలు ఉబ్బి వంకరపోయి గుఱి చెడుటచే, 1970 దశకమున దానిని మార్చి గాజునార కొయ్య పెట్టిరి. వియత్నాము అడవులకును మన తూర్పుకనుమలకును తేమవిషయమున పెద్ద భేదము లేదు. అనగా కృత్రిమపు కొయ్యకు తగిన దేశమేదైన నున్నచో అది మనదే యని చెప్పవలెను. ఈ యంశమున కృత్రిమపక్షమువారి వాదమునకు ఎదురు చెప్పుట కష్టము.

అయినను అది దోషరహితము కాదు. నైలాను సైతము నీరు పీల్చును. ఈ మాటను ప్రకటనలు చెప్పవు. మన దేశమున తయారైన ఇన్సాస్ రైఫిలు కొయ్య కృత్రిమము. 1999లో కార్గిల్ కొండలపై దాని ప్లాస్టిక్కు తూటాపెట్టెలు చలికి పగిలినవని ఫిర్యాదులు వచ్చినవి. తడికి తట్టుకొనునది చలికి తట్టుకొనకపోవచ్చును. పగిలిన ప్లాస్టిక్కును కొండయూరిలో నెవరును బాగుచేయలేరు. చీలిన కఱ్ఱకు చీల కొట్టవచ్చును, తోలు చుట్టవచ్చును, తీగ బిగింపవచ్చును. అది కుదరనిచో అడవికి పోయి మఱియొక కొయ్య తెచ్చుకొనవచ్చును. వాదమున ఈ విషయమును పాశ్చాత్యులు పరిగణింపరు. వారికి అంగడి సమీపము.

ఇట్టి వాదమునకు తగిన వాతావరణమును, ఇట్టి దారుజ్ఞానమును గల సీమలో ఆ వాదమే నడువకపోవుటకు కారణము చట్టము. 1878 ఆయుధచట్టముతో తుపాకి లైసెన్సు వస్తువయ్యెను. 1959లో స్వతంత్రభారతపు ఆయుధచట్టము వచ్చి 1962 అక్టోబరులో అమలునకు వచ్చెను. 1959 అనగా నైలాన్ 66 పుట్టిన యేడే. 1967 అక్టోబరు 31వ తేదీని లేవిడివద్ద భూస్వాముల పక్షమువారి కాల్పులకు ఇద్దఱు గిరిజనులు బలియైరి. శ్రీకాకుళ గిరిజనపోరాటము సాయుధరూపము దాల్చుటకు అది కారణములలో నొకటి. ఆ పిదప ఏజెన్సీలోని తుపాకి వేటసాధనముగ గాక సాక్ష్యవస్తువుగ చూడబడసాగెను. 1970లో పులివేట నిషేధింపబడెను. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము తక్కిన వేటను లైసెన్సుల హద్దులో నుంచగా, 1991 సవరణతో ఆ లైసెన్సులును పోయినవి. పాశ్చాత్యుల పెద్ద వేటరైఫిళ్లకు కృత్రిమపు కొయ్యలు వ్యాపించిన దశకములలోనే ఇచ్చట వేటయే ముగిసినది. అందుచే మన వేటతుపాకులకు ప్లాస్టిక్కుతో పరిచయమయ్యెడి యవకాశమే లేకపోయెను. అవి దారువుతో పుట్టి దారువుతోనే ముగిసినవి. కృత్రిమపు కొయ్య ఘాటు లెక్కినది పోలీసుల చేతులలో, ఇన్సాస్ రూపమున. సవర గ్రామమునకు అది వచ్చిన తీరు తెలుగు ఒత్తితుపాకి వచ్చిన తీరు కాదు. ఊరివారెవరును దానిని బాగుచేయుటకు గాని, గోడమీద వ్రేలాడదీయుటకు గాని అది రాలేదు.

వేట ముగియుట మంచిదే; ఈ విషయమున మాకు సందేహము లేదు. 1979లో విజయనగరము, 2022లో పార్వతీపురము మన్యము వేఱు జిల్లాలైన తరువాత ఏ జిల్లాలోను పులులు మిగిలియున్న యడవి విస్తారముగ లేదు. మా విచారము మఱియొక దానిని గూర్చి. ఏజెన్సీలో నాటుతుపాకులను స్వాధీనము చేసికొనుటయు, స్వచ్ఛందముగ అప్పగింపుడని పోలీసులు కోరుటయు జరుగుచున్నది. అప్పగించిన తుపాకులను సాధారణముగ నాశనము చేయుదురు. ప్రజాక్షేమము దృష్ట్యా అది తగినదే కావచ్చును. అయితే నాశనమునకు ముందు వ్రాసుకొను పట్టికలో నుండునది గొట్టము సంగతి: ఏకనాళమా, ద్వినాళమా, ముందు దట్టించునదా, వెనుక దట్టించునదా, వ్యాసమెంత, సంఖ్య కలదా. లైసెన్సు పుస్తకమునందును ఇంతియే. కొయ్య ఏ చెట్టుదో, ఎన్నిసార్లు మాఱినదో, మడమమీద గీతలేమో, చీలిక నెట్లు కట్టిరో వ్రాయుటకు గడి లేదు. చట్టమునకు కొయ్యతో పని లేదు కనుక లేదు.

కాని సవర చావింటి గుమ్మమున ప్రేలిన తుపాకిలో సవరది యనదగినది ఆ కొయ్యయే. గొట్టమును చూచి అది తెలుగుదనియో ఒడియాదనియో చెప్పవచ్చును. కొయ్యను చూచినగాని అది ఏ కొండదో చెప్పుట సాధ్యము కాదు. దారువు జాతిని నిర్ణయించుట నేడు కష్టమైన పని కాదు. అంగుళములో నాలుగవవంతు ముక్క చాలును; కొనను నున్నగ కోసి భూతద్దమున చూచినచో రంధ్రముల కూర్పు, కిరణముల వెడల్పు తెలియును. వృక్షశాస్త్రశాఖలోని సహాధ్యాయి ఒకడు, పనసను వేగిని ముట్టి చెప్పగల గొల్లపల్లి శిల్పి ఒకడు, కొలబద్ద, ఛాయాచిత్రయంత్రము ఉన్నచో ఒక పరిశోధకవిద్యార్థి ఒక వేసవిలో నలుబది యేబది కొయ్యలను వర్ణింపగలడు. కావలసినది తుపాకిని నిలుపుకొనుటకు అనుమతి కాదు. నాశనమునకు ముందు ఒక పూట దానిని చూచుటకు అనుమతి.

అట్టి వర్ణనకు ప్రశ్నలును సిద్ధముగనే యున్నవి. గొట్టపు వయస్సునకును కొయ్య వయస్సునకును ఎంత తేడా? కట్టు తోలా, తీగయా, పట్టెయా? కొయ్య నిలువుపేట నడుమువద్ద వంపును అనుసరించుచున్నదా, అనగా చెక్కినవాడు వడ్రంగమెఱిగినవాడా, లేక తుపాకి యజమానియే గొడ్డలితో నఱకికొన్నాడా? మడమ భుజమున కానుటకు వీలుగ వెడల్పయినదా, లేక పాత ఒత్తితుపాకివలె సన్నముగనే మిగిలినదా? ఈ చివరి ప్రశ్నకు సమాధానము దొరికినచో, కొండలలో తుపాకిని భుజమున కానించి గుఱిచూచు అలవాటు ఎప్పుడు వచ్చెనో ఊహించుటకు వీలు కలుగును. ఫాసెట్టు చూచిన తుపాకికిని నేటి నాటుతుపాకికిని నడుమ నూఱేండ్లకు పైబడిన ఖాళీ కొంత పూడును. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో కూర్చుండి సవరమాటలను ఒక్కొక్కటిగ ఏరి, 1931లో వ్యాకరణమును 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆ మాటలు నోళ్లలో నుండగనే వారు వ్రాసికొనిరి. కొయ్యలు ఇంకను కొన్ని పోలీసు కొట్లలో నున్నవి.